మేనరికముపై మోపిన నేరము

మదనపల్లె టమాటా మార్కెట్టులో తెల్లవారుజామున పెట్టెలు దింపించుకొను రైతు మొదలు కుప్పము రైల్వేస్టేషనులో బెంగుళూరు బండికై నిరీక్షించు పట్టభద్రుని వరకును, పుంగనూరులో సంబంధములు కుదుర్చు పెద్దమనిషి మొదలు పాఠశాలలలో ఆరోగ్యోపన్యాసములిచ్చు వక్త వరకును, హీమోఫీలియా అను వ్యాధి ప్రసక్తి వచ్చినంతనే తడుముకొనక పలుకు వాక్యమొకటి కలదు: "సొంతములో చేసికొన్నారు గదా, అందుకే బిడ్డకు నెత్తురాగని జబ్బు పట్టుకొన్నది." పండితుడు చెప్పినను పామరుడు చెప్పినను ఇందు భేదము భాషయందే గాని భావమునందు లేదు. ఈ వాక్యము అసత్యమనియు, ఊరక పడియుండు అసత్యము గాక ఈ సీమయందలి రోగుల మోకాళ్లను, మోచేతులను, కొన్నియెడల ప్రాణములనే హరించు అసత్యమనియు నా వాదము.

ఖండింపదలచిన మతమును దాని పూర్ణబలముతో చెప్పి పిమ్మట ఖండించుట న్యాయము. అక్కకూతురిని, మేనమామ కూతురిని, మేనత్త కూతురిని చేసికొనుట ఈ సీమలో తరతరముల ఆచారము; 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తసంబంధీకులను వివాహమాడిన స్త్రీలు దేశమంతటను సుమారు పదింట ఒక్కరుగా తేలగా, ఆంధ్రప్రదేశమున నలుగురిలో ఒక్కరుగా తేలిరి. దగ్గరి బంధువుల వివాహము కొన్ని వంశపారంపర్య వ్యాధులను అధికము చేయుననుట శాస్త్రసమ్మతము. హీమోఫీలియా వంశపారంపర్య వ్యాధి యనుటయు నిర్వివాదము. ఒకే ఇంట మేనమామకును మేనల్లునకును ఈ వ్యాధి యుండుట పలువురు కన్నులార చూచినదే. ఈ నాలుగు మాటలును నిజములే. అయితే నాలుగు నిజములను వరుసగా పేర్చినంతమాత్రమున వాని వెనుక నిలిచిన ఐదవ మాటయు నిజము కానేరదు. మేనరికమును సమర్థించుటకు నేను కలము పట్టలేదు. దానిపై న్యాయముగా మోపదగిన నేరములు వేరే కలవు. చేయని నేరమును మోపినచో అసలు దోషి తప్పించుకొనునన్నదే నా భయము.

ఒకటవది: మాటలోని మోసము

తెలుగువారు ఈ వివాహమును "రక్తసంబంధము" అందురు, ఈ రోగమును "రక్తవ్యాధి" అందురు. రెండింట రక్తమను మాట యుండుటచేత ఒకదానికొకటి కారణమై యుండునని మనస్సు తనంతట తానే ముడివేసికొన్నది. ఒకే నెత్తురు మరల నెత్తురుతో కలిసినచో అది విరుగునని, పలుచబడునని, పలుచబడిన నెత్తురు ఆగక కారునని యొక పాకశాస్త్రము పుట్టినది. కాని రక్తసంబంధములోని రక్తము కేవలము అలంకారము. గర్భమందు సైతము తల్లి నెత్తురు, బిడ్డ నెత్తురు మావి చెంత ఇరుగుపొరుగులుగా ప్రవహించునే గాని ఒకటిలో నొకటి కలియవు. ఇక మేనమామ నెత్తురు మేనకోడలి నెత్తురుతో ఎక్కడ కలిసెను?

నెత్తురు పలుచబడుటయు వట్టిమాటయే. హీమోఫీలియా రోగి నెత్తురు మన నెత్తురువలెనే చిక్కగా నుండును, మనకంటె వేగముగా కారదు. ఎక్కువసేపు కారును, అంతే. నెత్తురు గడ్డకట్టుటకు తోడ్పడు కారకములలో ఎనిమిదవది లోపించినచో హీమోఫీలియా ఏ, తొమ్మిదవది లోపించినచో హీమోఫీలియా బి. ఈ రెండవది వేరను సంగతి 1952లో బయటపడినపుడు దానికి క్రిస్మసు వ్యాధియని పేరుంచిరి. అది పండుగ పేరు కాదు, ఆ రోగము మొట్టమొదట వర్ణింపబడిన బాలుని ఇంటిపేరు. మామూలులో నూటికి ఒక పాలైనను కారకము లేనివానికి వ్యాధి తీవ్రము. వానికి దెబ్బయే అక్కరలేదు, నడచుచుండగనే మోకాటిలోనో చీలమండలోనో నెత్తురు ఊరును. చర్మముపై చుక్కయైనను కానరాక కీలులోపలనే కారునట్టి ఈ రక్తస్రావమును జనులు "వాపు" అందురు, "బెణుకు" అందురు. పైకి రక్తమే కానరాని రక్తవ్యాధికి పేరులోని రక్తమును బట్టి కారణము వెదకుట ఎంతటి విడ్డూరము!

రెండవది: తండ్రి వాటా ఎంత?

ఈ వాదమునకు గుండెకాయ ఇచ్చటనే యున్నది. ఎనిమిదవ కారకమును తొమ్మిదవ కారకమును తయారుచేయించు జన్యువులు రెండును ఎక్స్ అను క్రోమోజోముపై నున్నవి. స్త్రీకి ఎక్సులు రెండు; పురుషునకు ఒక ఎక్సు, ఒక వై. మగబిడ్డ తన ఏకైక ఎక్సును తల్లి యొద్దనుండియే పొందును. తండ్రి వానికిచ్చునది వై మాత్రమే. తల్లి రెండు ఎక్సులలో ఒకటి చెడ్డదైనచో ఆమె వాహకురాలు. ఆమెకు పుట్టు ప్రతి మగబిడ్డకును వ్యాధి వచ్చుటకు సగము పాలు అవకాశము, ప్రతి ఆడుబిడ్డకును వాహకురాలగుటకు సగము పాలు అవకాశము. ఈ లెక్కలో తండ్రి ఎవ్వడన్న ప్రశ్నయే లేదు. ఆమె భర్త సొంత మేనమామ కానిండు, కాశ్మీరమునుండి వచ్చిన అపరిచితుడు కానిండు, కొడుకునకు వ్యాధి వచ్చు అవకాశము సగమే. వీసమెత్తు పెరుగదు, తరుగదు. భర్తను మార్చి కొడుకును రక్షింపవచ్చునని చెప్పువారు, భర్త తన కొడుకునకు ఎక్సును ఇయ్యడన్న మొదటి పాఠమునే మరచుచున్నారు.

మేనరికమే హేతువైనచో మేనరికము లేని చోట ఈ వ్యాధి అరుదుగా నుండవలెను. సపిండ వివాహమును మహాపాతకముగా చూచు ఉత్తరదేశమునందును, ఐరోపాయందును, ఆఫ్రికాయందును, ఇచ్చటను హీమోఫీలియా ఏ పుట్టుక సుమారు ఐదువేల మగశిశువులకు ఒకటిగనే యున్నది. దేశమునుబట్టి మారునది పుట్టినవారి సంఖ్య కాదు. గుర్తింపబడినవారి సంఖ్య, బ్రతికి బట్టకట్టినవారి సంఖ్య. సూక్ష్మదర్శినియైనను లేని ప్రాచీన యూదులు తమ తాల్ముదు గ్రంథమునందు, సున్నతిచేత ఇద్దరు కొడుకులు నెత్తురు కారి చనిపోయినచో మూడవవానికి సున్నతి వలదనియు, అక్కచెల్లెండ్ర కొడుకుల విషయమందును ఇట్లే యోజింపవలెననియు చర్చించిరి. వారు చూచినది తల్లి వైపు. రెండువేల యేండ్ల పిమ్మట మనము చూచుచున్నది పెండ్లిపత్రిక.

మూడవది: కంటికి కనబడినది, కనబడనిది

"శాస్త్రము అటుండనిండు, మేము కన్నులార చూచుచున్నాము" అను వారికి నేను చెప్పు సమాధానము కొంత నిదానముగా వినవలసినది. వారు చూచినది అబద్ధము కాదు. చూచినదానికి వారు చెప్పుకొన్న అర్థము అబద్ధము.

ఒక ఇంటిని ఊహింతము. పుంగనూరు ప్రక్క పల్లెలో ఒక యిల్లాలు తనకే తెలియక వాహకురాలు. ఆమె పెద్దకొడుకు మోకాళ్లు వాచి వాచి కుంటివాడైనాడు, చిన్నకొడుకు ఆరోగ్యవంతుడు, కూతురు తల్లివలెనే వాహకురాలై, పలమనేరు వైపు వేరొక ఇంటిపేరుగల వారింటికి కోడలై పోయినది. ఆ కూతురి కూతురు సైతము వాహకురాలే యనుకొనుడు. ఆ పిల్లను తెచ్చి మేనమామయగు చిన్నకొడుకునకే ముడివేసిరి. వారి కొడుకునకు పాకెడు వయస్సుననే మోకాలు వాచినది. ఊరంతయు ఏమనును? "ఈ ఇంట పెదనాయనకు ఉండినది, మరల అక్కకూతురిని తెచ్చిరి, మరల వచ్చినది" అనును. ఇప్పుడు అదే పిల్లను బెంగుళూరులో ఏ సంబంధమును లేని ఇంటికి ఇచ్చిరనుకొనుడు. ఆమె కొడుకునకు అదే సగము పాలు అవకాశముతో అదే వ్యాధి వచ్చును; కాని అక్కడ ఇంటిపేరు వేరు, ఊరు వేరు, పుంగనూరి పెదనాయన మోకాలిని చూచినవారు అక్కడ లేరు. మేనమామ బయటి పిల్లను చేసికొనును, ఆయన పిల్లలు ఆరోగ్యముగా నుందురు. ఊరివారు "చూచితిరా, బయట చేసికొనగనే వంశము శుభ్రమైనది" అందురు. రోగుల సంఖ్య ఒక్కటియైనను తగ్గలేదు. రోగి చిరునామా మాత్రము మారినది.

ఇంటిపేరు తండ్రినుండి కొడుకునకు పోవును. ఈ వ్యాధి తల్లినుండి కొడుకునకు పోవును. మామూలు వివాహములలో ఈ రెండు దారులు విడిపోయి, వ్యాధి తరతరమునకును ఇంటిపేరు మార్చుకొని మాయమగును. మేనరికము ఆడుబిడ్డ కూతురిని తల్లి పుట్టింటి గడపకే మరల కోడలిగా తెచ్చును గనుక పోయిన ఎక్సు పాత ఇంటిపేరు క్రిందకే తిరిగివచ్చి కంటబడును. మేనరికము వ్యాధిని పుట్టింపలేదు, దాచనీయలేదు. నిజమునకు వైద్యుడు ఇందుకు సంతసింపవలెను, ఏలయన ఒక్క రోగిని పట్టుకొన్నచో వాని కుటుంబవృక్షమంతయు నాలుగు వీథులలోనే దొరకును.

మదనపల్లెకు ఈ పొరపాటు క్రొత్తది కాదు. 1915లో ఊరిచెంత ఆరోగ్యవరమున క్షయరోగ శానటోరియము తెరువబడునాటికి, కోక్ క్షయక్రిమిని లోకమునకు చూపి ముప్పదేండ్లు దాటినను, క్షయ కొన్ని వంశములను పట్టిన శాపమని నమ్మువారు మెండు. ఒకే కప్పు క్రింద నలుగురికి వచ్చినది గనుక నెత్తురులోనే యున్నదనిరి. ఉండినది నెత్తురులో గాదు, ఆ కప్పు క్రింది గాలిలో. అంటువ్యాధిని వంశదోషమనిన కన్నులే నేడు తల్లి ఎక్సును పెండ్లిదోషమనుచున్నవి.

నాలుగవది: విక్టోరియా రాణి సాక్ష్యము

కొంచెము చదువుకొన్నవారు ఇచ్చట ఐరోపా రాజవంశములను సాక్ష్యమునకు పిలుతురు. విక్టోరియా రాణి 1840లో తన మేనమామ కొడుకగు ఆల్బర్టును పెండ్లియాడెను. ఆమె కొడుకు లియోపోల్డు ఈ వ్యాధితో 1884లో మరణించెను. మనుమరాలి కొడుకగు రష్యా యువరాజు అలెక్సీకిని ఇదే వ్యాధి. ఇంకేమి కావలెను?

కావలసినది ఆల్బర్టు. ఆయనకు హీమోఫీలియా లేదు. పురుషునకు ఎక్సు ఒక్కటే గనుక వ్యాధి లేని పురుషుడు వాహకుడు కానేరడు. లియోపోల్డునకు ఆయన ఇచ్చినది వై మాత్రమే. విక్టోరియా తన మేనమామ కొడుకును గాక ఏ పరాయి రాజకుమారుని వరించినను లియోపోల్డు జాతకము అదే. విక్టోరియా పూర్వులలో ఈ వ్యాధి జాడ కానరాదు. ఆమె పుట్టునాటికి ఏబదిరెండవ యేట నున్న తండ్రి బీజమునందో, ఆమెయందో ఆ జన్యువు క్రొత్తగా చెడియుండునని పరిశోధకుల ఊహ. రష్యా రాజకుటుంబపు ఎముకలను పరీక్షించి అది తొమ్మిదవ కారకపు లోపమేయని 2009లో తేల్చిరి. మేనరికమునకు ప్రతికూలముగా పిలిచిన సాక్షి మేనరికము నిర్దోషియని చెప్పి దిగిపోయినాడు.

ఐదవది: వంశములోనే లేని రోగులు

ఈ వ్యాధి కలవారిలో సుమారు మూడవ వంతు మందికి కుటుంబమున ముందెవ్వరికిని వ్యాధి యుండదు. దీనిని 1935లోనే జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేను తర్కముతో చూపెను. జనసంఖ్యలోని ఎక్సులలో మూడవ వంతు పురుషుల యొద్ద నుండును. పూర్వము హీమోఫీలియా గల పురుషులు సంతానము లేకయే చనిపోవుచుండిరి గనుక, ప్రతితరమునను చెడ్డ ఎక్సులలో సుమారు మూడవ వంతు వారితోనే సమాధియగుచుండెను. అయినను వ్యాధి లోకమునుండి తరిగిపోలేదు గనుక, పోయినంత మేరకు క్రొత్తవి పుట్టుచుండవలెను. ఇంతటి లెక్కను కాగితముపై వేసిన ఆ మహనీయుడు 1957లో భారతదేశమునకు వచ్చి ఇచ్చటనే స్థిరపడి 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. పిఠాపురమున పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడై, మీరాఖానుతో కూడి ఆంధ్రదేశపు మేనరికముల తరచుదనమును, ఫలితములను గూర్చి 1963లో ప్రకటించెను. గురువు లెక్కయు శిష్యుని లెక్కయు మన యింటనే యుండగా రెండింటిని తప్పుముడి వేసినది వాడుక.

ఆరవది: ఒప్పుకొనవలసినది

మేనరికము తప్పక లెక్కలోనికి వచ్చు సందర్భము లున్నవి. హీమోఫీలియా గల పురుషుడే వాహకురాలైన అక్కకూతురిని చేసికొన్నచో, వారి ఆడుబిడ్డలలో సగమందికి సైతము రెండు ఎక్సులును చెడి పూర్తి వ్యాధి రాగలదు; అట్టి సంబంధము వలదని చెప్పుటకు నేను వెనుదీయను. పదుమూడవ కారకము, పదియవది, ఏడవది లోపించు అరుదైన వ్యాధులును, గ్లాంజ్‌మన్ అను రక్తస్రావవ్యాధియును తల్లిదండ్రులిద్దరి నుండియు చెడ్డ జన్యువు వచ్చిననే కలుగును. వాటిని మేనరికము నిస్సంశయముగా పెంచును. బొడ్డు ఊడునపుడు ఆగని నెత్తురు ప్రథమలక్షణముగా గలది పదుమూడవ కారకపు లోపము. కాని ఇవి హీమోఫీలియా కావు. వీటికి ఎనిమిదవ కారకపు సీసా ఎక్కించినచో ధనము, కాలము, ప్రాణము వ్యర్థము. "అన్నియు నెత్తురాగని జబ్బులే, అన్నిటికిని మేనరికమే మూలము" అని ఒక గంపలో వేయువాడు ఈ భేదమును ఎన్నడును కనుగొనడు.

ఏడవది: "అబద్ధమైనను మేలే గదా" అను వాదము

ప్రతిపక్షికి మిగిలిన తుది కోట ఇది. కారణము తప్పైనను మేనరికములు తగ్గుట మంచిదే గదా, ఈ భయము నుండనిండని సంస్కర్తలు మెల్లగా చెప్పుదురు. ఈ మేలు ఎవరి ఖర్చుతో జరుగుచున్నదో విచారింతము.

బయటి సంబంధము చేసికొన్న దంపతుల కొడుకునకు మోకాలు వాచినది. హీమోఫీలియా మేనరికపు వ్యాధియని విన్నవారు గనుక వారికి ఆ సందేహమే రాదు. మొదట నూనె మర్దనము, పిమ్మట పసరుకట్టు, పిమ్మట పుత్తూరు కట్టునకు ప్రయాణము. ఎముక విరిగినవానికి కట్టు ఏ మేలు చేసినను, కీలులోపల నెత్తురు కారుచున్నవానికి మర్దనము, బిగుతు అపకారములే. నొప్పికి ఆస్పిరిను బిళ్ల వేయుదురు; అది గడ్డకట్టు కొద్దిపాటి శక్తిని సైతము చంపును. జ్వరమునకు పిరుదుకు సూది పొడిపించెదరు. ఆ సూదిపోటు కండలో కుండెడు నెత్తురు గడ్డ అగును. ఇట్లు ఐదారుమార్లు నెత్తురు నిండిన కీలు పదియేండ్లకే ముసలి కీలగును.

మేనరికపు దంపతులకు తమ పాపమిదియని ముందే తెలియును, పాపమునకు వైద్యమేమి? భరించుటయే. తీవ్ర హీమోఫీలియా గలవారికి రాష్ట్ర ప్రభుత్వము నెలకు పదివేల రూపాయల పింఛను ఏర్పరచినదనియు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము హీమోఫీలియాను వైకల్యములలో చేర్చినదనియు వారికి చెప్పు నాథుడు లేడు. సిగ్గుపడి వారును అడుగరు.

అందరికంటె ఘోరముగా వంచితురాలగునది రోగి చెల్లెలు. అన్నకు వ్యాధి యున్నది గనుక ఆమెను "బయట" ఇచ్చి, ఇక నిశ్చింతయని ఇంటివారు చేతులు కడుగుకొందురు. పరీక్ష చేయింపరు, అత్తవారికి చెప్పరు. ఆమె తెలియని ఊరిలో, తెలియని వైద్యుని చేతిలో ప్రసవించును. వాహకురాలి నెత్తురులోనే కారకము తక్కువైయుండి ప్రసవానంతరము నెత్తురు ఆగకపోవచ్చును. మగశిశువు తలను పరికరముతో లాగినచో మెదడులో నెత్తురు కారవచ్చును. ముందే తెలిసిన వైద్యుడు నివారింపగల ప్రమాదములివి. "బయటి సంబంధము" అను తాయెత్తు కట్టి పంపినవారు ఆమెను రక్షింపలేదు, ఆమె చరిత్రను చెరిపివైచిరి. ఇక ఎక్సు తల్లిదని చెప్పినంతనే కోడలిని నిందించుటకు సిద్ధమగు అత్తలకు ఒక మాట: తీవ్రమైన హీమోఫీలియా ఏ వారిలో దాదాపు సగమందికి కారణమైన జన్యువిపర్యయము ఎక్కువగా పురుషబీజమునందే, అనగా పెక్కుసార్లు తల్లియొక్క తండ్రి శరీరమునందే, మొదట పుట్టునని తేలినది. నింద వేయుటకు మనిషినే వెదకువారు ఎంత దూరము పోగలరో పోవుదురుగాక.

ప్రభుత్వమునకును ఈ మతము మిక్కిలి అనుకూలము. తప్పు ప్రజల ఆచారమందే యున్నపుడు ఆసుపత్రి చేయవలసినది ఒక గోడపత్రిక అతికించుటయే గదా! 2011 జనగణనలో ఉమ్మడి చిత్తూరు జిల్లా పురుషులు ఇరువది లక్షలకు పైచిలుకు. ఐదువేలకు ఒకరను పుట్టుక లెక్కన నాలుగువందల మందికి పైగా హీమోఫీలియా ఏ వారే యుండవలెను. వారిలో పెక్కుమంది "కుంటివాడు", "కీళ్లవాతము వాడు", "చిన్ననాడే పోయినవాడు" అను పేర్లతో లెక్కతప్పినవారు.

కావున నా ప్రతిపాదన మొగమాటము లేనిది. పెండ్లిమాటలలో "సొంతమా, బయటా" అను ప్రశ్న హీమోఫీలియా పట్ల నిష్ప్రయోజనము. అడుగవలసినది పిల్ల తల్లి వైపు మగవారిని గూర్చి: మేనమామలకు, పెద్దమ్మ పినతల్లుల కొడుకులకు, అమ్మమ్మ అన్నదమ్ములకు కీళ్లు వాచుట, పన్ను పీకినపుడు నెత్తురాగకుండుట ఉండెనా? ఉండినచో ఆ పిల్లకు కారకపు పరీక్ష, జన్యుపరీక్ష చేయింపవలెను. సంబంధము సొంతమైనను, బయటిదైనను. కారణము తెలియక మోకాలు వాచిన ప్రతి మగబిడ్డకును, తల్లిదండ్రుల చుట్టరికము అడుగకయే, గడ్డకట్టు సమయపు పరీక్ష చేయవలెను.

పిమ్మట మందు. కిలో బరువునకు ఒక యూనిటు చొప్పున ఎక్కించినచో ఎనిమిదవ కారకము నూటికి రెండు పాళ్లు పెరుగును; ఇరువది కిలోల బాలుని మోకాటికి నలువది పాళ్లు కావలెనన్నచో నాలుగువందల యూనిట్లు. ఎక్కించిన దానిలో సగము పండ్రెండు గంటలకే కరిగిపోవును గనుక వ్యవధియే వైద్యము. కుప్పమునకు తిరుపతికంటె బెంగుళూరు దగ్గర. కాట్పాడిలో దిగినచో వేలూరు క్రిస్టియను మెడికలు కాలేజీ, ఎనిమిదవ కారకపు జన్యుచికిత్స పొందిన ఐదుగురు రోగులకు పరిశీలనాకాలమున రక్తస్రావమే కలుగలేదని 2024 డిసెంబరులో లోకమునకు ప్రకటించినవారున్న చోటు. అంత గొప్ప విద్య కొన్ని గంటల రైలుదూరమున నుండగా, రాత్రి పదింటికి మోకాలు వాచిన పిల్లవానిని భుజముపై వేసికొని కుప్పము ప్లాట్‌ఫారముపై నిలుచున్న తండ్రికి కావలసినది ఆ నాలుగువందల యూనిట్ల సీసా తన ఊరి ఆసుపత్రి ఫ్రిజ్జులో ఉండుట, కాని అతడు లోపలికి పోయినచో మొట్టమొదట వినబడు ప్రశ్న, "మీది సొంతమా?"